ముందు కౌంట్ చూడు

భీమవరం

అమ్మలూ,

రొయ్యల ఫ్యాక్టరీలో పీలింగ్ హాలు సూపర్‌వైజర్‌గా చేరుతున్నావు కదా, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. హాల్లో ఎవరైనా ఒకమ్మాయిని రోజూ కాల్చుకు తింటుంటే, "వాడి నోరే అంత" అని వదిలేస్తారు. నువ్వలా వదిలేయకు. స్వీడన్‌లో హైంజ్ లేమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలోనే ఈ వేధింపుల్ని పరిశీలించి, మనుషుల స్వభావం కన్నా ముందు పని అమర్చిన తీరూ, అజమాయిషీ చూడమన్నాడు. 1993లో అక్కడ దీనికి నిబంధనలే వచ్చాయి.

ముందు కౌంట్ చూడు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. 30 కౌంట్ సరుకు పది కిలోలంటే 300 రొయ్యలు ఒలవాలి. 100 కౌంట్ అయితే వెయ్యి. టార్గెట్ రెండిటికీ ఒకటే పెడితే చిన్న రొయ్య పడ్డ టేబుల్ ఎప్పుడూ వెనకబడే ఉంటుంది, తిట్లన్నీ అక్కడే పడతాయి. నాలుగు రోజులు పోతే వాళ్లకి బద్ధకస్తులని పేరు పడుతుంది, ఆ మాట తోటివాళ్లూ అందుకుంటారు. కౌంట్‌ని బట్టి టార్గెట్ వేయించు. చిన్న సరుకు రోజూ ఒకే టేబుల్‌కి పోనివ్వకు. కిలో లెక్కన కూలి ఇచ్చే చోటైతే రేటు కూడా కౌంట్‌ని బట్టే ఉండాలి.

ప్రొడక్షన్ వాళ్లు తొందరపెడతారు, క్వాలిటీ వాళ్లు నరం సరిగా తీయలేదని తిప్పి పంపుతారు. ఒలిచేవాళ్లు ఎవరి మాట విన్నా రెండోవాళ్ల చేత మాట పడాల్సిందే. వాళ్లిద్దరూ నీతో తేల్చుకోవాలి, హాల్లో చెప్పే గొంతు ఒక్కటే ఉండాలి.

చెరువుల్లో రొయ్యల పట్టుబడులు ఆలస్యమై లారీలన్నీ రాత్రికి ఒకేసారి దిగితే, ఐస్ కరిగిపోతుందన్న కంగారు మేనేజరు నుంచి నీకు, నీ నుంచి ఆడవాళ్లకి దిగుతుంది. మధ్యాహ్నమే ఫోన్ చేసి కనుక్కో, మనుషుల్ని ముందే పిలిపించు.

నాకు ఒళ్లు మండేది కాంట్రాక్టు పద్ధతి. చెప్పుకుందామని వెళితే కంపెనీ కూలీల్ని తెచ్చిన మేస్త్రీని చూపిస్తుంది, మేస్త్రీ "ఇష్టమైతే ఉండు" అంటాడు. పనిచోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. కాంట్రాక్టు వాళ్లూ వెళ్లొచ్చు, మూడు నెలల్లోపు రాసివ్వాలి. అయితే అది లైంగిక వేధింపులకే. మామూలు తిట్లకీ అవమానాలకీ మేస్త్రీతో సంబంధం లేని మనిషినొకర్ని పెట్టమని మేనేజ్‌మెంటుని గట్టిగా అడుగు.

గొడవైన ప్రతిసారీ తేదీ, షిఫ్టు, కౌంట్, కిలోలు, ఎవరు ఏమన్నారో, పక్కన ఎవరున్నారో అదే రోజు రాసిపెట్టు. నెల పోయాక ఏ షిఫ్టులో, ఏ సరుకు రోజున గొడవలవుతున్నాయో నీకే తెలుస్తుంది. పని సర్దాక కూడా ఒకడు ఒకరి మీదే పడుతుంటే ఆ పుస్తకంతోనే మేనేజరు దగ్గరికి వెళ్లు. టేబుల్ మార్చాల్సి వస్తే ఆ అమ్మాయిని కదపనివ్వకు, వాణ్ణి మార్పించు.

మీ నాన్న