విదేశీ పార్సిళ్లపై సుంకం: మా కొనుగోలుదారులకు ఒక వివరణ

మంగళగిరి నుంచి మా చేనేత చీరలు తెప్పించుకుంటున్న ప్రవాస తెలుగు కుటుంబాలకు నమస్కారం. 2025 సెప్టెంబరులో అమెరికాకు పంపిన చీరల విషయంలో మా వల్ల జరిగిన పొరపాటును ముందుగా ఒప్పుకుంటున్నాము. ఛార్జీ తక్కువని మేము ఎంచుకున్న కొరియరు పద్ధతిలో సుంకం కట్టే బాధ్యత పార్సిల్ అందుకునేవారిదే అవుతుంది. ఆ సంగతి ఆర్డరు తీసుకునేటప్పుడు మేము చెప్పలేదు. దానితో కొందరి చేతికి చీరతో పాటు, చీర ధరలో సగానికి మించిన బిల్లు కూడా వచ్చింది. అందులో సుంకం ఒక్కటే కాదు, దానిని ముందుగా కట్టినందుకు కొరియరు సంస్థ వేసుకున్న రుసుము కూడా ఉంది.

2016 నుంచి 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అమెరికాలో సుంకం ఉండేది కాదు. మా విదేశీ అమ్మకాలు పెరిగింది ఆ వెసులుబాటు వల్లనే. 2025 ఆగస్టు 29న అది అన్ని దేశాల సరుకుకూ రద్దయింది. భారతీయ సరుకుపై అదనపు సుంకం 50 శాతానికి చేరింది కూడా ఆ వారంలోనే. ఆగస్టు 25 నుంచి మన తపాలా శాఖ అమెరికా పార్సిళ్లను చాలావరకు నిలిపివేయడంతో కొరియరు తప్ప మాకు వేరే దారి లేకపోయింది. రేట్లు మారుతూ ఉంటాయి కనుక, ఇకమీదట ఆర్డరు నాటి సుంకాన్ని లెక్కగట్టి, ధరతో పాటే చెప్పి, మేమే ముందుగా కట్టి పంపుతాము.

బిల్లులో ధర తగ్గించి వేయమని, లేదా కానుక అని రాయమని కొందరు అడుగుతున్నారు. ఆ పని మేము చేయము. మీరు డబ్బు చెల్లించి కొన్న చీర కానుక కాదు. పైగా పార్సిల్ పోతే బీమా వచ్చేది మేము రాసిన విలువ మేరకే. గుంటూరులోని మీ అమ్మగారు తాము కొన్న చీరను తామే మీకు పంపితే అది నిజంగా కానుకే, 100 డాలర్ల వరకు దానికి సుంకం ఉండదు. అమెరికాలో స్థిరపడినవారు స్వదేశం వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు సాధారణంగా 800 డాలర్ల వరకు సరుకు సుంకం లేకుండా తీసుకువెళ్లవచ్చు కనుక, ప్రయాణం దగ్గరలో ఉంటే ఇక్కడి చిరునామాకు తెప్పించుకోవడమే మేలు.

నిజంగా మా చేతిలో ఉన్నది రవాణా ఖర్చు. కొరియరు సంస్థలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, 5000తో భాగించి, వచ్చిన బరువు అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే ఛార్జీ వేస్తాయి. మా అలంకారపు అట్టపెట్టె 40, 30, 15 సెంటీమీటర్లది. లోపల ఉన్నది కిలోన్నర చీరలైనా 3.6 కిలోలకు కట్టవలసి వచ్చేది. ఆ పెట్టెను మానేసి చీరలను పలుచని సంచిలో పంపుతున్నాము. అమెరికాకు రెండు మూడు చీరలు ఒకే పార్సిల్‌లో తెప్పించుకుంటే పార్సిల్‌కు ఒకసారి పడే రుసుము కలిసివస్తుంది. బ్రిటన్‌లో అలా కాదు: 135 పౌండ్లు దాటితే వ్యాట్‌తో పాటు కస్టమ్స్ సుంకం కూడా పడుతుంది కనుక అక్కడివారు ఆ పరిమితిని చూసుకుని ఆర్డరు ఇవ్వగలరు.

మరొక తప్పు కూడా చెప్పాలి. ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ప్రభుత్వానికి ఇచ్చే హామీపత్రం) దాఖలు చేసి ఎగుమతి చేసే సరుకుపై జీఎస్టీ కట్టనవసరం లేకపోయినా, విదేశీ ఆర్డర్లకు కూడా జీఎస్టీ కలిపిన ధరనే ఇంతకాలం చూపించాము. ఆ ధర సరిచేశాము. 2025 ఏప్రిల్ నుంచి విదేశాలకు వెళ్లిన ప్రతి ఆర్డరుపై అలా ఎక్కువ తీసుకున్న మొత్తాన్ని, మీరు అడగకుండానే, మీరు చెల్లించిన ఖాతాకే తిరిగి జమ చేస్తున్నాము.