గడప దగ్గర మొదలుపెట్టండి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో స్పెయిన్‌లోని గ్రనడాలో ఉన్న అల్‌హంబ్రా కోట మీద వచ్చిన వ్యాసం చదివాను. సింహాల ప్రాంగణం ఫొటో బాగుంది. ఒక్క సవరణ: స్తంభాలు, 12 సింహాలు పాలరాతివే. పైన ఆ జల్లెడలాంటి నగిషీ మాత్రం రాయి కాదు, గచ్చుతో చేసిన పని.

ముప్పై ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా ఇళ్ల ప్లాన్లు గీసినవాణ్ణి. నా కళ్లు ముందు వాకిలినే వెతుకుతాయి. ఆ అల్‌హంబ్రా కాలపు కైరో ఇళ్లలో వీధి తలుపు తీసినా లోపలి ముంగిలి కనబడదు. నడవా ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు మలుపు తిరుగుతుంది. వచ్చినవాడి చూపును ఆపేది పరదా కాదు, గోడే! వీధివైపు పెద్దగా ఆడంబరం ఉండదు, సొగసు ఎక్కువగా లోపలే.

గాలి సంగతి ఇంకా ముచ్చటైనది. కైరోలో 1350 నాటి ముహిబ్బుద్దీన్ ఇంటి 'ఖాఆ' (అతిథుల హాలు) చూడండి. కప్పు మీద ఉత్తరానికి నోరు తెరిచిన 'మల్ఖఫ్' అనే గాలిగూడు ఉంది. అక్కడ గాలి ఎక్కువగా వీచేది ఉత్తరం నుంచే. అది గూడులోంచి హాల్లోకి దిగుతుంది. హాలు నడిమి భాగం కప్పు బాగా ఎత్తు, వేడిగాలి అక్కడికెక్కి పైకిటికీల గుండా పోతుంది. ఫ్యాన్ లేదు, కరెంటూ లేదు. నేను గీసిన ఇళ్లలో ఒక్కదానికీ ఇంత ఆలోచన పెట్టలేదని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఈసారి ఇలాంటి వ్యాసం వేసినప్పుడు రంగుల ఫొటో ఒకటి తగ్గించి, చిన్న ప్లాను అచ్చువేయండి.

— ఒక విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్