కార్యదర్శి వార్షిక నివేదిక: మన ఇళ్లలో రేడాన్ తగ్గించే పని

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఉగాది, వినాయక చవితి, బతుకమ్మ, పిల్లల తెలుగు బడి ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫొటోలు మీ అందరి దగ్గరా ఉన్నాయి కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయడం లేదు. ఈ ఏడాది సంఘం కొత్తగా తలకెత్తుకున్నది ఇళ్లలో రేడాన్ అనే రేడియోధార్మిక గ్యాస్ పరీక్షలు. ఈ నివేదికలో ఎక్కువ భాగం దానికే కేటాయించాను, అందుకు తగిన పని జరిగింది కూడా.

ఈ వైపు పెన్సిల్వేనియా నేల ఎలాంటిదో పాత సభ్యులకు తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ల కోసం మళ్లీ చెబుతున్నాను. 422 రోడ్డు మీద వెళ్తుంటే కనిపించే లిమెరిక్ అణు విద్యుత్ కేంద్రంలో 1984 డిసెంబరులో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజినీరు డ్యూటీకి వస్తుంటే రేడియేషన్ అలారం మోగింది. ఆ కేంద్రం అప్పటికి కరెంటు ఇవ్వడం కూడా మొదలుపెట్టలేదు. ఆరా తీస్తే రేడియేషన్ బోయర్‌టౌన్ దగ్గర ఆయన సొంత ఇంట్లో అంటుకున్నదని తేలింది. ఆ ఇంటి గాలిలో లీటరుకు దాదాపు 2,700 పికోక్యూరీల (రేడియోధార్మికతను కొలిచే యూనిట్) రేడాన్ ఉంది. 4 గానీ అంతకు మించి గానీ ఉంటే ఇల్లు బాగుచేయించుకోవాలని ఇక్కడి ప్రభుత్వం చెబుతుంది. అంత రేడాన్ ఉన్న ఇంటిని కూడా బాగుచేశారు, ఆ కుటుంబం తిరిగి అందులోనే కాపురం పెట్టింది. కాబట్టి మన ఇళ్లలో వచ్చే అంకెలకు భయపడి టెన్షన్ పడాల్సిన పని లేదు. పట్టించుకోకుండా వదిలేయడమే ప్రమాదం.

అమెరికాలో ఏటా సుమారు 21,000 మంది రేడాన్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోతున్నారని ప్రభుత్వ అంచనా. వాళ్లలో సుమారు 2,900 మంది జీవితంలో సిగరెట్ ముట్టనివాళ్లు. ఈ గ్యాస్‌కు రంగు లేదు, వాసన లేదు. నేలలోని యురేనియం నుంచి పుట్టి, ఇంటి అడుగున ఉండే కాంక్రీటు స్లాబు పగుళ్లలోంచీ, బేస్‌మెంట్‌లో నీళ్లు చేరే సంప్ గుంటలోంచీ ఇంట్లోకి వస్తుంది. చలికాలం హీటర్ వేసుకుని తలుపులన్నీ బిగించుకుంటాం కదా, వేడిగాలి పైకి లేచే కొద్దీ ఇల్లు కింది నుంచి ఇంకా ఎక్కువ లాక్కుంటుంది. మనవాళ్ల ఇళ్లలో పిల్లల ఆటలు, ఆఫీసు పని, సినిమాలు అన్నీ బేస్‌మెంట్‌లోనే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఆరేసి నెలలు పడుకునేదీ చాలా ఇళ్లలో అక్కడే.

జనవరిని ఈ దేశంలో రేడాన్ మాసంగా పాటిస్తారు, మన సంక్రాంతి కూడా ఆ నెలలోనే. అందుకే ముగ్గుల పోటీ పక్కనే రేడాన్ పరీక్ష కిట్ల టేబుల్ పెట్టాం. భోజనాల వేళకే తెప్పించిన కిట్లన్నీ అయిపోయాయి. తెలుగు బడి పెద్ద పిల్లలు పోస్టర్ పట్టుకుని, కిట్ ఎక్కడ పెట్టాలో, ఎందుకు పెట్టాలో తాతయ్యలకూ అమ్మమ్మలకూ తెలుగులో వివరించారు. ఈ సంఘంలో ఇన్నేళ్లలో నేను చూసిన కార్యక్రమాలన్నింటిలో నాకు ఎక్కువ గర్వం కలిగించింది అదే.

తర్వాత జరిగింది మాత్రం బాధ కలిగించింది. బొగ్గు కిట్ (గాలిలోని రేడాన్‌ను లోపలి బొగ్గు పట్టుకునే డబ్బా) తెరిచాక సూచనల్లో చెప్పినన్ని రోజులే ఉంచి, మూత వేసిన వెంటనే ల్యాబ్‌కు పోస్టు చేయాలి. రేడాన్ 3.8 రోజులకు సగం అయిపోతుంది, ఆలస్యమైతే ల్యాబ్‌కు కొలవడానికి ఏమీ మిగలదు. ఎంతోమంది కిట్లను వారాల తరబడి కిచెన్ కౌంటర్ మీదే వదిలేశారు. కొందరు పరీక్ష మధ్యలో పోపు ఘాటుకు కిటికీలు బార్లా తీశారు. అవన్నీ వృథా. ఇంటింటికీ ఫోన్ చేసి గుర్తు చేస్తామని పేర్లు ఇచ్చిన వాలంటీర్లలో సగం మంది తర్వాత కనిపించలేదు. ఉద్యోగాలు, పిల్లలు అందరికీ ఉన్నారు. రాలేకపోతే ముందే ఒక్క మెసేజ్ పెట్టాలని కోరుతున్నాను.

ఎక్కువ అంకెలు వచ్చిన ఇళ్లవాళ్లు చాలామంది పని పూర్తి చేయించుకున్నారు. పద్ధతి సులువే. స్లాబుకు రంధ్రం చేసి పీవీసీ పైపు దించుతారు, అటకలోనో ఇంటి బయటో ఫ్యాన్ బిగిస్తారు. అది స్లాబు కింది గాలిని పీల్చి కప్పు పైనుంచి వదిలేస్తుంది. సంప్ గుంటకు గాలి చొరబడని మూత వేస్తారు, పగుళ్లు పూడుస్తారు. పగుళ్లు పూడిస్తే చాలని చెప్పేవాళ్లను నమ్మకండి, ఫ్యాన్ లేకుండా ఆ ఒక్క పని సరిపోదు. మన సభ్యులకు కాంట్రాక్టర్లు చెప్పిన ధరలు ఎక్కువగా 1,000 నుంచి 2,500 డాలర్ల మధ్య ఉన్నాయి. ఈ రాష్ట్రంలో ఈ పని చేసేవాళ్లకు పర్యావరణ శాఖ సర్టిఫికెట్ ఉండాలి, అడిగి చూడండి. పైపు మీద యూ ఆకారపు గొట్టంలో రంగు ద్రవం ఉంటుంది. రెండు వైపులా ఒకే ఎత్తులో ఉంటే ఫ్యాన్ లాగడం లేదని అర్థం. నెలకోసారైనా దాన్ని చూడండి. పని అయిన నెలలోపు ఒకసారి, ఆపైన రెండేళ్లకోసారి మళ్లీ పరీక్ష చేయించండి.

టౌన్‌హోమ్ సభ్యుల కష్టం ఇంకా తీరలేదు. బయటి గోడ మీద పైపు వేయడానికి ఒక కాలనీ ఇళ్ల యజమానుల సంఘం అనుమతి ఇవ్వదు, కాదనీ చెప్పదు. ఎన్ని ఈమెయిళ్లు పెట్టినా "పరిశీలనలో ఉంది" అనే జవాబే. ఆ లోపు పసిపిల్లలు అదే గాలి పీలుస్తున్నారు. ఇది నాకు ఎంతమాత్రం నచ్చలేదు.

కిట్ల డబ్బులో సగం భరించిన దాతలకు, హాలు సర్దిన అన్నయ్యలకు, వంద మందికి పైగా పులిహోర కలిపిన అక్కలకు, రిపోర్టులు చదివి ఓపికగా అర్థం చెప్పిన డాక్టరు గారికి, నన్ను వెంటపడి పని చేయించిన అధ్యక్షురాలు గారికి కృతజ్ఞతలు. ఆఖరి దాకా ఫోన్లు చేసిన ఇద్దరు రిటైర్డ్ టీచర్లకు ప్రత్యేకంగా నమస్కరిస్తున్నాను.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంచారు. లోటు లేదు, కిట్ల ఖర్చు దాతల విరాళంతోనూ సంక్రాంతి టికెట్లతోనూ సరిపోయింది.

టౌన్‌హోమ్ సభ్యుల తరఫున ఆ కాలనీ బోర్డుకు మన సంఘం లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయాలని తీర్మానం పెడుతున్నాను. బలపరచేవాళ్లు ఈ సమావేశంలోనే చెయ్యెత్తాలి. వచ్చే చలికాలం కిట్ల కోసం పేర్లు రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర రాసుకుంటున్నాం. పోయినసారి కిట్ వృథా అయినవాళ్లకే ముందు ఇస్తాం.

ఇట్లు,
కార్యదర్శి