పలక, కలప, కావలి బస్సు

ఒరే సూరీ,

నీ ఉత్తరం సంక్రాంతికి ముందే అందింది. జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు నాలుగు తిట్టుకో, పడతాను. ఇక్కడ అందరం కులాసా. అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గింది, నారు బాగా వచ్చింది, మన ఎర్ర సైకిలు ఇంకా బతికే ఉంది (నవ్వకు!). మిగతా కబుర్లు తర్వాత.

రాత్రిబడి పెడుతున్నామనీ, పన్నెండు మంది పెద్దవాళ్ళు పేర్లిచ్చారనీ, మొదటి వారంలోనే అ ఆలు పూర్తి చేయిస్తామనీ రాశావు చూడు, ఆ ముక్క చదివినప్పటి నుంచీ మనసు ఆగడం లేదు. వద్దురా, అ ఆలతో మొదలుపెట్టొద్దు. వరసగా వల్లె వేయిస్తే పాటలాగా వచ్చేస్తాయి. ఆ తర్వాత మధ్యలో ఏ ‘డ’ మీదో వేలు పెట్టి అడిగి చూడు. పెదాలు కదుపుతూ మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టుకుంటూ వస్తారు. అది చదవడం కాదు. అయినా ఙ, ఞ నేర్చుకుని ఏ బోర్డు చదవాలి చెప్పు?

నాలుగు అక్షరాలు చాలు: ప, ల, క, వ. తొలిరోజు ‘పలక’ అని ఒకే ఒక్క మాట రాయి. చేతిలో ఉన్న వస్తువే కాబట్టి అర్థం చెప్పే పని లేదు. మూడు అక్షరాలూ విడివిడిగా మూడు అట్టముక్కల మీద, జానెడు ఎత్తున రాసి పెట్టుకో. రెండోరోజు అవే ముక్కలు తిప్పి ‘కలప’ అని పేర్చు. అసలు పరీక్ష అక్కడే. మాటను బొమ్మలా గుర్తుపెట్టుకున్నవాళ్ళు మళ్ళీ ‘పలక’ అనే అంటారు. కంగారుపడకు, వాళ్ళకి తెలివి లేక కాదు. మాట లోపల ముక్కలుంటాయని అప్పటిదాకా వాళ్ళకెవరూ చూపించలేదు. ‘కల’ పేర్చు, ‘వల’ పేర్చు, మళ్ళీ ‘కలప’ దగ్గరికి రా. ఒక్కో ముక్క మీద వేలు ఆనించి తనంతట తాను క... ల... ప... అని కూడబలుక్కునేదాకా నువ్వు నోరు తెరవకూడదు. అందించడం చాలా తేలిక, ఆగడమే కష్టం.

సంతకం సంగతీ ఇంతే. వేలిముద్ర మాన్పించాలనే తొందరలో ముందు సంతకం దిద్దిస్తారు. అది ముగ్గు వేసినట్టు చేతికి వచ్చేస్తుంది, ‘కమల’ అని చక్కగా రాస్తుంది, అందులోంచి ‘కల’ తీసి చూపిస్తే తెలియదు. సంతకం నేర్పు, వద్దనను, కానీ ఆ పేరులోని అక్షరాలతోనే వేరే మాటలు పేర్చి చూపించు. లక్ష్మి, వెంకటమ్మ లాంటి పేర్లయితే వత్తులు వచ్చేదాకా ఆగక తప్పదు. ఆ మాట వాళ్ళకి ముందే చెప్పు, లేకపోతే చిన్నబుచ్చుకుంటారు.

తర్వాత దీర్ఘం, గుడి. ఈ రెండూ వస్తే ఏమవుతుందో తెలుసా? కా-వ-లి! అదే నాలుగు అక్షరాల్లోంచి మూడు, రెండు గుర్తులు, బస్సు బోర్డు చదివేసినట్టే! ఆ వెనకే గ, ర చేర్చు, కలిగిరి కూడా వచ్చేస్తుంది, ఒక్క వత్తు లేని పేరు. నెల్లూరు మాత్రం అప్పుడే వద్దు.

ఇక్కడొక చిక్కుంది. దీర్ఘం గానీ గుడి గానీ పెట్టగానే ప, క, వ మీదున్న తలకట్టు పోతుంది. తలకట్టుతో కలిపి ‘ప’ని బొమ్మలా నేర్చుకున్నవాళ్ళకి ‘పా’ కొత్త అక్షరంలా కనిపిస్తుంది. అందుకని మొదటి రోజు నుంచే ఒళ్ళు వేరు, తలకట్టు వేరు అని చూపించు. కొమ్ము మరీ తంటా. ‘కు’, ‘లు’లకి పక్కన తగిలించినట్టు ‘వ’కి తగిలిస్తే ‘మ’ అయి కూర్చుంటుంది. ‘వు’కి కొమ్ము కింది నుంచి తిరిగి రావాలి. అందుకే ‘వు’, ‘మ’, ‘య’ ఒకే వారంలో చెప్పకు, కలగాపులగం అయిపోతాయి.

బలపం చేతికిచ్చే ముందు ముగ్గుపిండి ఇవ్వు. నేలమీద మూరెడంత అక్షరం వేయించు. ఆడవాళ్ళ చేతికి వంపులు ఎప్పుడో అలవాటు, వాటిని చూసి భయపడరు. బలపమైతే విరిగేలా బిగించి పట్టుకుంటారు, పది నిమిషాలకే వేళ్ళు నొప్పెడతాయి.

అన్నట్టు, అసలు మొదటి రోజే అడగాల్సింది: సూదిలో దారం ఎక్కించగలుగుతున్నారా? నలభై దాటినవాళ్ళకి చత్వారం ఉంటుంది. కళ్ళద్దాలు లేక అక్షరం అలుక్కుపోతుంటే ‘నాకు చదువు అబ్బదులే’ అనుకుని మానేస్తారు. ముందు కళ్ళు చూపించు, తర్వాతే పలక. దీపం కూడా నీ వెనక కాదు, వాళ్ళ పలకల మీద పడాలి. పిల్లల్ని గుమ్మంలో నిలబడనివ్వకు. మనవడు ఒక్కసారి కిసుక్కున నవ్వాడంటే ఆ అవ్వ మర్నాడు రాదు.

ఉల్లాస్ పరీక్ష గురించి అడిగావు కదూ, అదే, కేంద్రం వాళ్ళ వయోజన విద్య పరీక్ష. 150 మార్కులు: చదవడం, రాయడం, లెక్కలు, తలా 50. లెక్కలకి బెంగ అక్కర్లేదు, కూలి డబ్బులు నోటితోనే లెక్కగట్టేస్తారు. అంకె రాయడం ఒక్కటే నేర్పాలి.

సూరీ, మన నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షరదీపం అనే అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు వాచకంలో సారా కొట్టు మూయించిన ఆడవాళ్ళ పాఠం ఉండేది. దూబగుంట అనే ఊళ్ళో అది చదివినవాళ్ళు నిజంగానే సారాకి ఎదురుతిరిగారు, 1993కల్లా రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. తమ బతుకులో ఉన్న మాట పలక మీద కనపడితే... ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది, రాయడం నాకు చేతకావడం లేదు. అందుకే నీకు చెప్పేది, పిల్లల వాచకంలో మాటలు వద్దు. వాళ్ళ కూలి, వాళ్ళ అప్పు, వాళ్ళ ఊళ్ళ పేర్లు...

వత్తుల గురించి రాయనే లేదు! త, న, మ, య, ర, ల, ఈ ఆరింటి వత్తులకి అసలు అక్షరం పోలికే ఉండదు, వాటికి విడిగా అట్టముక్కలు చేసుకో, ముందుగా ‘అమ్మ’, తర్వాత ‘అన్న’, ఆ తర్వాత... ఏడున్నర అయింది, మా రాత్రిబడి వాళ్ళు పలకలు పట్టుకుని వచ్చేస్తున్నారు. ఉంటాను.

నీ
రాఘవ