సమ్మె చేసేవాళ్లతో మంత్రే స్వయంగా కూర్చోవాలి

సంపాదకులకు నమస్కారం.

కార్మికుల సమ్మె నోటీసు అందగానే ప్రభుత్వం ప్రెస్‌మీట్ పెట్టి గడువు విధించే పద్ధతి గురించి ఈ ఉత్తరం. మాది బాగ్‌లింగంపల్లి. ఆర్టీసీ ప్రధాన కార్యాలయం బస్ భవన్ దగ్గరే. మా వీధిలో డ్రైవర్లు, కండక్టర్ల కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి 2019 ఆర్టీసీ సమ్మె గురించి పేపర్లో చదివి తెలుసుకోవాల్సిన పని నాకు లేకపోయింది.

ఆ ఏడాది అక్టోబరు 5న, సరిగ్గా దసరా ముందు, బస్సులు ఆగాయి. దాదాపు 48 వేల మంది కార్మికులు. ఆ సాయంత్రం ఆరింటిలోగా డ్యూటీలో చేరనివాళ్లు తమంతట తామే ఉద్యోగం వదులుకున్నట్టేనని ప్రభుత్వం తేల్చేసింది. ‘సెల్ఫ్ డిస్మిస్’ అన్న మాట మేం వినడం అప్పుడే. పిల్లలకు దసరా సెలవులు 19 దాకా పొడిగించారు. చర్చలు జరపమని హైకోర్టు గట్టిగా చెబితే అక్టోబరు 26న ఎర్రమంజిల్‌లో కార్మిక నాయకుల ఎదురుగా కూర్చున్నది అధికారులే. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తులు ముగ్గురితో కమిటీ వేద్దామని కోర్టు అన్నా ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆర్టీసీని ప్రభుత్వంలో విలీనం చెయ్యాలన్న డిమాండును ప్రస్తుతానికి పక్కన పెడతామని కార్మిక సంఘాల ఐక్య కమిటీ జేఏసీ ఒక మెట్టు దిగినా ప్రభుత్వం నుంచి పిలుపు లేదు.

52 రోజుల తర్వాత, నవంబరు 25న, సమ్మె విరమించారు. మర్నాడు తెల్లారకముందే మా ఎదురింటి కండక్టరు ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని బయల్దేరాడు. తొమ్మిదింటికల్లా తిరిగొచ్చేశాడు. గేటు దగ్గర పోలీసులున్నారట, లోపలికి పోనివ్వలేదట. వాళ్లావిడ ఆ డబ్బా అలాగే తెచ్చి, ‘‘ఆయన ముట్టనంటున్నాడు, పిల్లలకు పెట్టక్కా’’ అని నా చేతిలో పెట్టింది. ఇంకా వేడిగానే ఉంది.

రెండు రోజులాగి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గారు విధుల్లోకి రమ్మన్నారు. డిసెంబరు 1న కార్మికులను తన అధికార నివాసమైన ప్రగతి భవన్‌కు పిలిపించి మాట్లాడారు, భోజనం పెట్టారు, పదవీ విరమణ వయసు 60కి పెంచారు. కుదరదన్న విలీనానికి కూడా 2023 ఆగస్టులో ఆయన హయాంలోనే శాసనసభలో బిల్లు పాసయింది. ఆ భోజనమేదో అక్టోబరు 4నే పెట్టి ఉంటే? నా బాధంతా అదే.

మన నాయకులకు ఓపిక లేదని నేననను. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించుకున్నప్పుడు విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాం హుస్సేన్‌ను కలిశారు. ఆయన్ని కౌగిలించుకున్నందుకు ఎన్ని మాటలు పడ్డారో! అయినా అక్కడ చిక్కుకున్న మనవాళ్లు సుమారు 1,70,000 మంది విమానాలెక్కి ఇల్లు చేరారు. మన పి.వి. గారు 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకున్నారు. అది కూడా పాలస్తీనా నేత అరాఫత్‌తో ఢిల్లీలో మాట్లాడాకే. నోరు జారకూడదని, ఎదుటివాళ్ల పరువు తియ్యకూడదని, మాటలు తెగిపోనివ్వకూడదని విదేశాల విషయంలో ఇంత బాగా తెలిసినప్పుడు, తెల్లవారుజామున మనల్ని ఆఫీసులకు చేర్చే మనిషి దగ్గర ఆ మర్యాద ఏమైపోతుంది?

అడిగినవన్నీ ఇచ్చెయ్యమని నేననడం లేదు. సంస్థ అప్పులూ, బస్సుల్లేక జనం పడే అవస్థా నాకు తెలుసు. ఆ 52 రోజులూ ఆటోవాళ్లు అడిగినంతా ఇచ్చి తిరిగినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ 2025లో చూశాం కదా. మే 7 నుంచి సమ్మె అని జేఏసీ ప్రకటించింది. రవాణా మంత్రి పొన్నం ప్రభాకర్ గారు నాయకులతో మాట్లాడారు, ముగ్గురు ఐఏఎస్‌లతో కమిటీ వేశారు, సమ్మె వాయిదా పడింది.

ఆర్టీసీ అయినా, ఆస్పత్రి అయినా, మున్సిపల్ పారిశుద్ధ్యమైనా, నోటీసు చేతికందిన వారంలోగా సంబంధిత మంత్రే కార్మిక నాయకులను పిలిచి మాట్లాడాలని, అది పూర్తయ్యేదాకా ఉద్యోగాలు పోతాయన్న ప్రకటనలు చెయ్యకూడదని ప్రభుత్వం నిబంధన పెట్టాలి. పేపర్లో సమ్మె అన్న మాట కనబడితే మా ఎదురింటావిడ ఇప్పటికీ గేటు దగ్గరికొచ్చి, ‘‘మంత్రి మాట్లాడతానన్నాడా అక్కా?’’ అనే అడుగుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బాగ్‌లింగంపల్లి, హైదరాబాద్