మార్చి 8కి ముందు అమ్మలుకి ఉత్తరం

విజయనగరం

చిరంజీవి అమ్మలుకి నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా. మామ్మకి మోకాళ్ళ నెప్పి కాస్త తగ్గింది. పెరట్లో మునగ బాగా కాసింది. నువ్వు మహిళా దినోత్సవం ఊరేగింపు పనిలో పడి ఫోనెత్తడం లేదని తెలుసు. "బిజీ నాన్నా" అని మెసేజి పెడుతున్నావు, చాలు. మరి ఉత్తరం ఎందుకంటే, ఫోనులో అయితే సగంలో పెట్టేస్తావు. రాజాం అత్త ఏదో అంది. రిహార్సల్ రోజు స్టేడియం దగ్గర నువ్వు కళ్ళు తిరిగి కూలబడ్డావని, సెలైన్ ఎక్కించారని. అత్త మాటల్లో సగం తీసెయ్యాలనుకో. అది అడగడానికి రాయడం లేదు.

600 మంది వస్తారని మీ అమ్మతో అన్నావట. 4గురేసి వరస కట్టించు. 6గురైతే మీ శ్రీకాకుళం రోడ్ల మీద పక్కనుంచి బస్సు పోదు. 100 మందికి ఒక గుంపు, అంటే 25 వరసలు, వరసకీ వరసకీ మధ్య 4 అడుగులు, గుంపు పొడవు 30 మీటర్లు. గుంపుకీ గుంపుకీ మధ్య 10 మీటర్లు ఖాళీ వదులు. మొత్తం 230 మీటర్ల జనం. గంటకి రెండున్నర కిలోమీటర్ల నడకతో ఒక కూడలి దాటడానికి ఐదున్నర నిమిషాలు పడుతుంది. ఏడు రోడ్ల జంక్షన్లో అంతసేపు అన్ని వైపులా బళ్ళు ఆపితే హారన్లు మోగిస్తారు, తర్వాత దూరిపోతారు. ఆ 10 మీటర్ల ఖాళీ అందుకే. 108 వచ్చినా అక్కణ్ణుంచే వదలొచ్చు. గుంపుకి కుడి పక్కన 30 మీటర్ల తాడు, పట్టుకోవడానికి 6గురు. తాడు నడుం ఎత్తులో ఉండాలి. కిందికి జారితే కాళ్ళకి చుట్టుకుంటుంది.

ముసలివాళ్ళనీ చంటిపిల్లల తల్లుల్నీ బ్యానరు వెనకే పెట్టు. కాలేజీ పిల్లల్ని ముందు పెట్టావా, వాళ్ళు మామూలుగా నడిచినా తోకలో ఉన్నవాళ్ళు పరిగెత్తాలి. ఫొటో కోసం ముందువాళ్ళు ఒక్క నిమిషం ఆగితే వెనక వరసలు ఒకదాని మీదకొకటి వచ్చేస్తాయి. మళ్ళీ కదిలేసరికి మధ్యలో సందు పడుతుంది.

ఆ సందే బొబ్బిలి పిన్ని వాళ్ళ ఊరేగింపుని ముంచింది. నీకు సగమే తెలుసు. 20 అడుగుల బ్యానరు కుట్టించారు, మధ్యలో కర్ర లేదు, గాలి పోవడానికి కోతలు లేవు. బజారు వీధిలోకి తిరిగేసరికి తోపుడుబళ్ళ మధ్య 15 అడుగులైనా దారి లేదు. బ్యానరు మడతపడి పట్టుకున్న ఇద్దరూ దాని వెనకే చిక్కుకున్నారు. దాని వెనక తప్పెట్లు వాయిస్తూ ఆడే తప్పెటగుళ్ళ వాళ్ళు. వాళ్ళకి ఆగితే ఆటే. ఎవరో నోటు గుచ్చేసరికి గుండ్రంగా తిరగడం మొదలెట్టారు. వాళ్ళ తప్పేముంది, ఆ ఆటకి కావలసిందే ఒకచోట నిలబడే స్థలం. ఈలోగా బ్యానరు సర్దుకుని ముందుకి పోయింది. ఆ సందులోకి ఒక లారీ, దాని వెనక నాలుగు ఆటోలు వచ్చేశాయి. వెనక సగానికి దారి తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. ఆటోల వెంటపడి నినాదాలిచ్చుకుంటూ నేరుగా రైతుబజారులోకి వెళ్ళిపోయారు. అక్కడ సభ లేదు, వంకాయలున్నాయి. మీ పిన్ని రెండు కిలోలు కొనుక్కుని ఇంటికొచ్చేసింది. ముందు సగం మాత్రం సభలో ఖాళీ కుర్చీల ఎదట అరగంట చూసింది.

కాబట్టి బ్యానరు గుడ్డదే, 10 అడుగులకి మించొద్దు, మూడు వెదురు కర్రలు, అర్ధచంద్రాకారంగా కోతలు, కింది అంచు మోకాలికి పైన. తప్పెటగుళ్ళని నడిపించకు, చివర మైదానంలో నిలబెట్టు. తోకలో దారి తెలిసిన గట్టి మనిషిని పెట్టు. ఆ మనిషి నువ్వు కాకూడదు, నీకు ఎండ పడటం లేదుగా.

అనుమతి కాగితం వారం ముందే ఇయ్యి. దారి, వేళ, ఎంతమంది, బాధ్యుల ఫోను నంబరు రాసి, సంతకంతో రశీదు తీసుకో. ఊరేగింపుకి పోలీసుల అనుమతి అడిగే పోలీసు చట్టం సెక్షన్ 30 ఉండనే ఉంది, నోటిమాట నడవదు. 7కి చేరి, 7:30కి కదిలి, 9కల్లా రోడ్డు వదిలెయ్యాలి. 1917 మార్చి 8న పెట్రోగ్రాడ్‌లో మిల్లు ఆడవాళ్ళు రొట్టె కోసం రోడ్డెక్కితే వారానికి జార్ దిగిపోయాడు. మీరు అంత చెయ్యక్కర్లేదు, 9కి రోడ్డు వదిలితే చాలు.

శకటాలు అందరికన్నా వెనక. ముందుంటే 600 మందికీ ట్రాక్టరు పొగే. గున్నమ్మ శకటం మొదటిది పెట్టండి. 1940 ఏప్రిల్ 1న మందస దగ్గర రైతు పోరాటంలో పోలీసు కాల్పులకి పోయిన మనిషి. ఖాకీ తొడిగినవాణ్ణి, నేనే చెబుతున్నాను. తర్వాత ఊసవానిపేట మల్లీశ్వరి. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో ఎత్తిన 240 కిలోలూ అట్ట మీద పెద్దంకెల్లో రాయండి. బార్‌కి మాత్రం ఇనప రాడ్డు వద్దు, వెదురుబొంగుకి రంగు వేసి థర్మోకోల్ చక్రాలు తగిలించు. ట్రాక్టరు తొట్టి మీద పిల్ల చేతులెత్తితే 10 అడుగులు దాటుతుంది, పైన వైర్లు వేలాడుతుంటాయి.

ఇప్పుడు నీళ్ళు. ఆడవాళ్ళు ఊరేగింపుల్లో పడిపోతే అందరూ ఎండదెబ్బ అంటారు. నా లెక్కలో అది మరుగుదొడ్డి తాళం దెబ్బ. తెల్లారకుండా పల్లె నుంచి ఆటో ఎక్కిన మనిషి, మధ్యలో వెళ్ళడానికి చోటుండదని గుక్కెడు కూడా తాగదు, టిఫినూ తినదు. 8 గంటలకి కళ్ళు తిరుగుతాయి. బయల్దేరే చోటా చేరే చోటా ఒక్కో బడి అడిగి, తాళాలు ముందురోజు రాత్రే చేతికి తెచ్చుకో. వాచ్‌మన్ పొద్దున్నే వస్తాడని నమ్మకు. బకెట్లు, మగ్గులు, ప్యాడ్లు పెట్టించు. ఆ సంగతి మైకులో రెండుసార్లు చెప్పించు, అప్పుడు గానీ నీళ్ళు ముట్టరు. మనిషికి అరలీటరు, 300 లీటర్లు, 20 లీటర్ల క్యాన్లు 15. జనాన్ని ఆపి పంచకు, గ్లాసులు పట్టుకుని పక్కన నడిచే పిల్లలుండాలి. మజ్జిగ చివర్లో, లీటరు పెరుగుకి 4 లీటర్ల నీళ్ళు. ఓఆర్‌ఎస్ లీటరు ప్యాకెట్టు లీటరు నీళ్ళలోనే కలపాలి, చిక్కగా అయితే మేలు కన్నా కీడే ఎక్కువ. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్ళకి చిన్న చెంచాతో తలకొట్టి 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు.

కళ్ళు తిరిగినవాళ్ళని నీడలో పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో పెట్టాలి. తెలివి వచ్చేదాకా నోట్లో ఏమీ పొయ్యకూడదు. నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి సోడా పట్టారట, ఎవరా తెలివైనవాళ్ళు? రక్తపరీక్ష చేయించుకున్నావా? హిమోగ్లోబిన్ ఎంతుందో అంకె ఒక్కటి మీ అమ్మకి మెసేజి పెట్టు. మాటలక్కర్లేదు. పొద్దున్న ఇడ్లీ తిని బయల్దేరు. కొత్త చెప్పులు ఆ రోజు తొడక్కు. పోచంపల్లి పట్టుచీర వద్దు, నూలుదే కట్టు.

ఆర్టీసీ పార్శిల్లో 30 మీటర్ల నైలాను తాళ్ళు ఆరు, విజిల్స్ నాలుగు, ఒక డబ్బాలో ఊరమిరపకాయలు పంపుతున్నాను. కాంప్లెక్సులో రశీదు చూపించి తీసుకో. తాళ్ళు నావి కావు, పక్కింటి వాళ్ళ పెళ్ళి పందిరివి. 10వ తేదీకల్లా తిరిగి పంపాలి.

నాన్న