గుడ్లు ఎన్ని అనే ముందు, తినేది ఎవరని అడగాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. గుడ్డుకూ గుండెకూ ఉన్న సంబంధంపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. రోజుకు ఎన్ని గుడ్లు తిన్నా గుండెకు ఢోకా లేదన్న అర్థం వచ్చేలా దానికి శీర్షిక పెట్టారు. కొన్నేళ్ల క్రితం ఇదే విషయం మీద, రోజుకు అర గుడ్డు ఎక్కువైనా ముప్పేనని పత్రికలు రాశాయి. ముప్ఫై ఏళ్లకు పైగా ఇంటర్మీడియట్ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పినవాడిగా, అంతకు మించి గుండెజబ్బు మనిషి ఉన్న ఇంటివాడిగా, ఈ రెండు రకాల శీర్షికల వల్లా పాఠకులకు జరుగుతున్న నష్టాన్ని మీ దృష్టికి తేవడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మా అన్నయ్యకు 58వ ఏట గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు నుంచే మా ఇంట్లో పచ్చసొన నిషిద్ధమైపోయింది. మా వదినగారు ఉడికిన గుడ్డును దారంతో రెండుగా కోసి, పచ్చసొనను చెంచాతో తీసి వరండాలో పిల్లికి వేసి, తెల్లసొన మీద మిరియాల పొడి చల్లి ఆయన కంచంలో పెట్టేవారు. ఆరేళ్ల పాటు ఒక్కరోజు కూడా ఈ క్రమం తప్పలేదు. అదే కంచంలో మారు వడ్డించిన తెల్లన్నం, ఆవకాయ, దాని మీదికి నెయ్యి మాత్రం ఎప్పటిలాగే ఉండేవి. సాయంత్రమైతే వీధి చివర బండి దగ్గర, పొద్దుటి నుంచి మరిగి నల్లబడిన నూనెలో వేసిన మిరపకాయ బజ్జీలు కూడా తప్పేవి కావు. వీటన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఏమిటంటే, పచ్చసొన మానేశాను కదా, ఇక కొలెస్ట్రాల్ మాత్ర దేనికని ఆయన ఎవరికీ చెప్పకుండా స్టాటిన్ వేసుకోవడం ఆపేశారు. స్టెంట్ పడినవారికి 70 లోపు, వీలైతే ఇంకా తక్కువ ఉండాలని వైద్యులు కోరుకునే ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, ఆయనకు 162 అని రిపోర్టు వచ్చినప్పుడు గానీ సంగతి బయటపడలేదు.

ఆ భయం ఆయన ఒక్కరిదే కాదు, దానికి చరిత్ర ఉంది. 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ రోజుకు 300 మిల్లీగ్రాములకు మించి కొలెస్ట్రాల్ తినవద్దనీ, వారానికి మూడు పచ్చసొనలకు మించవద్దనీ చెప్పింది. ఒక పెద్ద గుడ్డులో సుమారు 186 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుంది. అదంతా పచ్చసొనలోనే ఉంటుంది, తెల్లసొనలో బొత్తిగా ఉండదు. తిన్న కొలెస్ట్రాల్ తిన్నట్టే రక్తంలో చేరుతుందని జనం అనుకున్నారు గానీ, శరీరానికి కావలసిన కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగాన్ని శరీరమే తయారుచేసుకుంటుంది, అందులో కాలేయానిది పెద్ద పాత్ర; ఆహారం ద్వారా ఎక్కువ అందితే చాలామందిలో ఆ తయారీ కొంత తగ్గుతుంది. అలా తగ్గనివారూ ఉన్నారు; వారికి గుడ్లు పెరిగితే రక్తంలో కొలెస్ట్రాల్ కూడా గట్టిగానే పెరుగుతుంది. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాగి తొలగించే కాలేయం శక్తిని సంతృప్త కొవ్వులు దెబ్బతీస్తాయి కనుక, సాధారణంగా వాటి ప్రభావమే కొలెస్ట్రాల్ ప్రభావం కంటే ఎక్కువ. గుడ్డులో ఆ కొవ్వు ఒకటిన్నర గ్రాములు మాత్రమే ఉంటే, ఒక టేబుల్ స్పూను నెయ్యిలో సుమారు ఎనిమిది గ్రాములు ఉంటుంది, పామాయిల్‌లో సగం దాకా అదే. పిల్లికి వేసిన పచ్చసొన కంటే అన్నం మీద పోసిన నెయ్యే అన్నయ్యకు ఎక్కువ చేటు చేసిందని నేను నమ్మడానికి కారణం ఇదే.

2015లో అమెరికా ఆహార మార్గదర్శకాలు ఆ 300 పరిమితిని తొలగించగానే, గుడ్డు నిర్దోషి అని ప్రపంచమంతా వార్తలు వచ్చాయి. కొలెస్ట్రాల్‌ను వీలైనంత తక్కువ తీసుకోవాలని అవే మార్గదర్శకాలు చెప్పిన సంగతి మాత్రం ఆ వార్తల్లో చాలావాటికి ఎక్కలేదు.

2019 మార్చిలో అమెరికాలో 29,615 మందిని సగటున పదిహేడేళ్లకు పైగా గమనించిన అధ్యయనం వెలువడింది. రోజుకు సగం గుడ్డు పెరిగిన కొద్దీ గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు 6 శాతం పెరిగినట్టు అందులో తేలింది. ఆరు శాతం అనగానే వందమందిలో ఆరుగురికి అదనంగా జబ్బు వస్తుందని సామాన్య పాఠకుడు అనుకుంటాడు. నిజానికి అదే అధ్యయనం లెక్కలో, ముప్ఫై ఏళ్ల కాలంలో అదనంగా జబ్బు పడేది వందమందికి సుమారు ఒక్కరు. అదీ మొదట్లో ఒక్కసారి అడిగి రాసుకున్న తిండి వివరాల ఆధారంగా వేసిన లెక్క. దానికి ముందు ఏడాది, చైనాలో నాలుగు లక్షల మందికి పైగా మీద జరిగిన అధ్యయనంలో దాదాపు రోజూ గుడ్డు తినేవారికి గుండెజబ్బులూ, ముఖ్యంగా మెదడులో రక్తస్రావం వల్ల వచ్చే పక్షవాతమూ తక్కువగా కనిపించాయి. అయితే అక్కడ రోజూ గుడ్డు తినగలిగినవారు మిగతావారి కంటే చదువూ ఆదాయమూ ఎక్కువున్నవారు కావడం వల్ల, ఆ మేలంతా గుడ్డుదేనని చెప్పలేం. అమెరికాలో గుడ్డు పక్కన వెన్న, పందిమాంసం ఉంటే, చైనాలో కూరగాయలు, అన్నం ఉంటాయి. పక్కన ఏముందో చూడకుండా గుడ్డును మాత్రం బోనులో నిలబెట్టడం నాకు న్యాయంగా తోచదు.

2019 డిసెంబరులో అమెరికన్ హార్ట్ అసోసియేషనే తన పాత మాటను సవరించుకుని, ఆరోగ్యవంతులు రోజుకు ఒక గుడ్డు తినవచ్చనీ, కొలెస్ట్రాల్ సరిగా ఉన్న పెద్ద వయసువారు రెండు దాకా తినవచ్చనీ, కొలెస్ట్రాల్ ఎక్కువున్నవారు, అందులోనూ మధుమేహం ఉన్నవారు జాగ్రత్తగా ఉండాలనీ చెప్పింది. మన రాష్ట్రాలకు అతి ముఖ్యమైనది ఈ చివరి మాటే. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది. తమకు ఆ జబ్బు ఉన్నట్టు తెలియనివారు మన చుట్టూ ఎందరో ఉన్నారు. మధుమేహులు గుడ్డు తినే విషయంలో పరిశోధనలు ఏకాభిప్రాయానికి రాలేదు. 1999లో హార్వర్డ్ పరిశోధకులు మధుమేహులలో ముప్పు పెరిగినట్టు చూపగా, సిడ్నీలో వారానికి పన్నెండు గుడ్లు పెట్టి చూసిన ప్రయోగంలో కొలెస్ట్రాల్ చెడిపోలేదు. కానీ ఆ ప్రయోగంలో పాల్గొన్నవారు నిండా 150 మంది కూడా లేరు, అది నడిచింది ఒక్క ఏడాదే. కాబట్టి మధుమేహం ఉన్నవారు, స్టెంట్ పడినవారు, చిన్నవయసులోనే గుండెపోట్లు వచ్చిన కుటుంబాలవారు శీర్షిక చూసి లెక్క పెట్టుకోకుండా, వైద్యుడి సలహాతో వారానికి మూడో నాలుగో గుడ్లతో సరిపెట్టి, రెండు మూడు నెలల తర్వాత లిపిడ్ పరీక్ష, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, చేయించుకుని చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం. నాటుకోడి గుడ్డయితే పరవాలేదనే మాట తరచూ వింటుంటాం. పచ్చసొన ఎర్రగా ఉండడం కోడి తిన్న మేతను బట్టే గానీ, కొలెస్ట్రాల్ తగ్గినందుకు గుర్తు కాదు.

పెద్దల భయం పిల్లల కంచం దాకా పోవడం మరీ అన్యాయం. తండ్రికి కొలెస్ట్రాల్ ఉందని, బడిలో మధ్యాహ్న భోజనంతో ఇచ్చే గుడ్డును పదేళ్ల పాపను తినవద్దన్న తల్లిని నేను ఎరుగుదును. 2023-24లో దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలోనూ, తెలంగాణ మూడో స్థానంలోనూ ఉన్నాయి. అలాంటి చోట ఆరు గ్రాముల మంచి మాంసకృత్తులు, బి12, డి విటమిన్లు ఉన్న ఆహారాన్ని ఎదిగే పిల్లకు అందకుండా చేయడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

అన్నయ్య ఇప్పుడు రాత్రి భోజనం కాగానే మాత్ర వేసుకుంటున్నారు. వైద్యుడు చెప్పిన ప్రకారం వారానికి నాలుగు రోజులు గుడ్డు పూర్తిగా తింటున్నారు, నెయ్యి సగానికి తగ్గింది, బజ్జీల బండి వైపు వెళ్లడం మానేశారు. మొన్నటి పరీక్షలో ఎల్‌డీఎల్ 74కి దిగింది. అయితే మీ ఆదివారం వ్యాసం శీర్షిక చూడగానే ఆయన నాకు ఫోన్ చేసి, "ఇక రోజూ రెండు తినొచ్చటరా?" అని అడిగారు.

ఇకపై ఇటువంటి వార్త వేసేటప్పుడు, అధ్యయనం ఏ దేశంలో ఎవరి మీద జరిగిందో, శాతంతో పాటు వందమందికి ఎందరో కూడా రాయవలసిందిగా కోరుతున్నాను. మధుమేహులకూ గుండెజబ్బు ఉన్నవారికీ ఆ లెక్క వర్తించకపోతే, ఆ మాటను వ్యాసం చివరి పేరాలో కాకుండా శీర్షిక కిందనే అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి